చావు ఇంటికి అన్నం తెచ్చే ఓబులేసన్న

నిన్న పొద్దున్నే పక్కింటి అబ్బాయి ఫోన్.

"అక్కా, ఓబులేసన్న ఇంక లేడు. గుండెపోటంట."

నమ్మలేకపోయాను. మొన్న సాయంత్రం కూడా షాపు ముందు నిలబడి, నా కొత్త స్కూటీ మీద జోకులేసిన మనిషి.

మా రాప్తాడు వీధిలో ఎవరు పోయినా మొదటి ఫోన్ ఆయనకే. ఆ అలవాటు కొద్దీ నా వేళ్లు ఆయన నంబరే నొక్కేశాయి.

పెద్ద కూతురు శైలజ ఎత్తింది. "అత్తా..." అంది.

ఫోన్ పెట్టేసి వాళ్లింటికి బయల్దేరాను.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. ఓబులేసన్నది చిన్న కిరాణా షాపు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, ఆ ఇంటికి అన్నం మోసుకెళ్లేది ఈయనే. కులం అడగడు, చుట్టరికం చూడడు. షట్టర్ దించేసి, తనే చిత్రాన్నం కలిపి, గిన్నె బైక్ వెనక కట్టుకుని వెళ్లిపోతాడు.

మా నాయన పోయిన రోజు నేను మూల కూర్చుని ఏడుస్తుంటే, ప్లేటు తెచ్చి చేతిలో పెట్టాడు. వద్దన్నాను.

"ఏడ్సు పాపా, నేనేం వద్దనను. తిని ఏడ్సు. ఉత్త కడుపుతో ఎంతసేపని ఏడుస్తావు?"

అంత ఏడుపులోనూ నవ్వొచ్చింది. తిన్నాను.

ఇంట్లో కూడా అంతే. లక్ష్మి వదినకు కుడి చెయ్యి పైకి లేవదు. రోజూ సాయంత్రం షాపు అరుగు మీదే కూర్చోబెట్టి ఆమెకు జడ వేసేవాడు. వీధిలో మగవాళ్లు నవ్వితే ఒకటే మాట.

"ఏమప్పా, నవ్వుతాండారే! మీకు వేయను రాదని కుళ్లు."

నిన్న వీధంతా ఆ ఇంటి ముందే ఉంది. కంబదూరు నుంచి కూడా జనం వచ్చారు. పూలొచ్చాయి, టెంట్ వేశారు, అందరి స్టేటస్‌లోనూ అన్న ఫోటోనే.

మధ్యాహ్నం దాటింది. అన్నం సంగతి మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఇన్నేళ్లూ అది ఆయన పని అని నిశ్చింతగా ఉండిపోయాం. రాయాలంటే సిగ్గుగా ఉంది.

చిన్న కూతురు హరిత వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, అమ్మకు షుగర్ ఉండాది. పొద్దున్నుంచి ఏమీ తినలే, కండ్లు తిరుగుతాండాయంట. నాయన ఉండింటే ఈ పాటికి ఏదో ఒకటి తెచ్చింటాడు."

ఇంటికి పరిగెత్తి, బొరుగులు నానబెట్టి, దొరికిన ఉల్లిగడ్డలు వేసి ఉగ్గాని చేసి తెచ్చాను.

వదిన గిన్నె వైపు చూసింది. బయట ఎండలో నిలబడిన జనం వైపు చూసింది.

"ముందు వాళ్లకు పెట్టు పాపా. ఆయన ఉంటే అట్లనే చేస్తాండె. వాళ్లు తింటే నేనూ తింటా."

నేను తెచ్చిన గిన్నె ఏ మూలకు? ఆ మాట విన్న ఆడవాళ్లంతా లేచి ఇళ్లకు పరిగెత్తారు. గిన్నెలు వచ్చాయి.

శైలజ, హరిత కళ్లు తుడుచుకుని లేచారు. మేమంతా వద్దంటున్నా వినలేదు. వాళ్ల నాయన పక్కనే పడుకుని ఉండగా, వచ్చినవాళ్లందరికీ ఆ పిల్లలే వడ్డించారు.

అందరూ తిన్నాక వదిన నాలుగు ముద్దలు తిని మాత్ర వేసుకుంది.

పోయిరా ఓబులేసన్నా. వదిననూ పిల్లలనూ మేం చూసుకుంటాం, నీ మీద ఒట్టు. నీ ఆత్మ చల్లగా ఉండాలి.