దుంగకు మొక్కిన చెయ్యి

వికారాబాద్ బస్టాండు పక్కన ఒక జిరాక్స్ సెంటర్‌లో పనిచేస్తాను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనానికి ఆన్‌లైన్ ఫారాలు నింపడమే నా పని. మోమిన్‌పేట్ నుంచి వచ్చిన పెద్దాయనైనా, డిగ్రీ పాసైన పిల్లైనా నా పక్కన నిలబడి "మేడం, గిండ్ల ఏం రాసుంది?" అని అడగాల్సిందే. ఆ గర్వం నాకు కొంచెం ఎక్కువే. కోపం ఇంకా ఎక్కువ. ఒకే మాట రెండుసార్లు అడిగినవాళ్ళను కసురుకునేదాన్ని.

మా చెల్లె టీవీ పోటీ ఫారం కూడా నేనే నింపాను. గోడలెక్కి, తాళ్ళు పట్టుకొని ఊగి, నీటి గుంటలు దాటే పోటీ అది. మొదటి అడ్డంకి తిరిగే దుంగ. గుంట మీద అడ్డంగా ఉంటుంది, కాలు పెడితే గిర్రున తిరుగుతుంది. సగం మంది అక్కడే నీళ్ళలో పడతారు. చెల్లె బడిలో ఖోఖో బాగా ఆడేది. తరువాత ఆట ఆగిపోయి తాండూరులో బట్టల దుకాణంలో కుదిరింది. పొద్దంతా చీరలు విప్పడం, మడతపెట్టడం. పోటీకి పిలుపు వచ్చిన రోజు నా చెయ్యి పట్టుకొని, "గా దుంగ ఒక్కటి దాటితే చాలక్కా. నేను దేనికన్న పనికొస్తనని నాకే ఎర్కయితది" అంది.

నాయిన తాండూరు బండల పాలిష్ మిల్లులో పనిచేస్తాడు. పాత మిషన్‌వి రెండు బేరింగులు తెచ్చి, ఇంటి వెనక నిలువుగా పాతిన రెండు బండ కడీల మధ్య నీలగిరి దుంగ బిగించాడు. పడితే దెబ్బ తగలొద్దని కింద గొర్రెల ఎరువు మందంగా పరిచాడు. మొదటి వారం చెల్లె ఎన్నిసార్లు అందులో పడిందో లెక్కలేదు. "స్నానం చేసి రా, లేకుంటె గొర్రెలు నిన్ను తమదే అనుకుంటయి" అని ఏడిపించేదాన్ని.

దుంగ బిగించిన రోజే అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. బూట్లు వేసుకొని ఎక్కబోతున్న చెల్లెను నేనే ఆపాను. "పసుపు పెట్టినదాన్ని బూట్లతోని తొక్కుతవా? ముందుగాల మొక్కు." మా ఇంట్లో అంతే. నాయిన రోజూ మిషన్‌ను చేత్తో తాకి కళ్ళకు అద్దుకోనిదే స్విచ్చు వెయ్యడు. చెల్లె మర్చిపోయి ఎక్కితే సగం దుంగ మీది నుంచైనా సరే, "ఏయ్, మొక్కినవా?" అని అరిచి కిందికి దింపేదాన్ని. రెండు నెలలకు నేను చెప్పే పనే లేకపోయింది. కాలు లేవకముందే చెయ్యి వంగి దుంగను తాకి కళ్ళకు పోయేది.

పోటీవాళ్ళు నియమాలు ఇంగ్లీషులో పంపారు, ఎనిమిది పేజీలు. చెల్లెను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కోటి తెలుగులో చెప్పాను. దుంగను చేత్తో తాకితే ఆ ప్రయత్నం చెల్లదని ఒక వాక్యం ఉంది. చదివాను. దుంగ మీద పాకేవాళ్ళ కోసం రాసుంటారు, నిలబడి ఉరికే మా చెల్లెకు ఇదెందుకు అనుకొని దాటేసి కింది దానికి పోయాను. మొక్కడం కూడా తాకడమేనని నాకు తట్టనే లేదు.

హైదరాబాద్ అవతల పెద్ద మైదానంలో సెట్ వేశారు. వెంట వచ్చినవాళ్ళను తాడు ఇవతల నిలబెట్టారు. హారన్ మోగింది. చెల్లె వంగి దుంగను తాకి, కళ్ళకు అద్దుకొని, ఎక్కింది. దుంగ తిరిగింది. అది తిరిగినంత సేపూ మా చెల్లె పాదాలు తడబడలేదు. గట్టిగా ఏడు అడుగులు వేసి అవతలి గట్టు మీదికి దూకింది. రెండు చేతులూ పైకెత్తి నావైపు తిరిగి నవ్వింది. ఆమె వెనక ఎర్ర లైటు వెలిగింది. అది ఆమెకు కనబడలేదు, నాకు కనబడింది. నేను కూడా చేతులెత్తుతానని నావైపే చూస్తూ ఇంకా నవ్వుతూనే ఉంది. ఎవరో వచ్చి భుజం మీద చెయ్యి వేసి చెప్పేదాకా ఆ చేతులు దించలేదు. నా బతుకులో చూసినవాటిలో నన్ను అన్నింటికన్నా నొప్పించింది అదే.

తిరుగు రైల్లో శంకర్‌పల్లి దాటాక చెల్లె అడిగింది. "అక్కా, చెయ్యి పెట్టొద్దని గా కాయితంల ఉండెనా?"

"లేదు" అన్నాను. అంత తొందరగా నోట్లోంచి ఎట్లా వచ్చిందో నాకే తెలియదు.

"నాకెర్కే. ఉంటె నువ్వు చెప్పకపోదువా" అని కిటికీ వైపు తిరిగింది.

టీవీలో చెల్లెను రెండు నిమిషాలు కూడా చూపలేదు. వంగిన ముక్క మాత్రం మళ్ళీ మళ్ళీ చూపి, కింద ఏం పడిపోయిందమ్మా అని యాంకర్ నవ్వాడు, వెనక నవ్వుల చప్పుడు కలిపారు. అమ్మ లేచి టీవీ కట్టేసింది. మా ఊరు పెద్దేముల్‌లో, దుకాణంలో, షేర్ ఆటోలో అడిగిన ప్రతివాళ్ళకూ చెల్లె ఒకటే జవాబు చెప్పింది. "మా అక్క మొత్తం చదివింది. అట్ల ఏడ గూడ రాసి లేకుండె. వాళ్ళే కావాలని జేసిన్రు." చాలాసార్లు నేను పక్కనే ఉండి విన్నాను.

ఈ ఏడు మళ్ళీ ఫారాలు పిలిచారు. వయసు లెక్కన చెల్లెకు ఇదే ఆఖరిసారి. సెంటర్‌లో ఆ పేజీ తెరిచి ఫోన్ చేశాను. ఈసారి దాటుతావన్నాను, బతిమాలాను, చివరికి కోప్పడ్డాను. చెల్లె నెమ్మదిగానే చెప్పింది.

"నాదే తప్పయితే మల్ల పోదునక్కా. ఒక్క చెయ్యి ఆపుకునుడు ఎంతసేపు? కాయితంల లేని తప్పుకు పడగొట్టినోళ్ళ దగ్గరికి ఎందుకు పోవాలె? నువ్వు సదివినవ్ గద."

చెప్పాల్సింది ఒక్క వాక్యమే. ఫోన్ చెవికి పెట్టుకొనే ఉన్నాను. బేరం వచ్చిందని ఆమే పెట్టేసింది.

నిన్న సాయంత్రం ఐదింటికి గడువు అయిపోయింది. ఇంటికి పోయేసరికి చెల్లె నాకు పళ్ళెంలో అన్నం పెట్టి, "నా గురించి ఫికర్ జేయకక్కా, తిను" అంది.