నూరో వరుస

రిబ్బన్ మాస్టారు ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు. టైపు మిషన్లున్న రోజుల్లో ఆఫీసులన్నీ తిరిగి రిబ్బన్లు మార్చేవారు. ఓ గుమాస్తా మాటవరసకు మాస్టారన్నాడు, ఆ పేరు అతుక్కుపోయింది. మిషన్లు మూలపడ్డాక ఆయన దిగులు పడుతూ కూర్చోలేదు. యాభై ఏళ్ళ వయసులో కూతురి పక్కన చేరి వెబ్‌సైట్లు నడపడం నేర్చుకున్నారు. ఇప్పుడు పాతిక చిన్న సంస్థల సైట్లు ఆయన చేతిలో ఉన్నాయి. దేనికి జబ్బు చేసినా ఫోనులో వైద్యం చేయరు, స్కూటరేసుకుని వెళ్తారు. "మీట నొక్కే చేతిని చూడకుండా రోగం ఎలా తెలుస్తుంది?" అంటారు. టీ కోసం వెళ్తారని కూతురు అంటుంది. అందులోనూ అబద్ధం లేదు.

ఆ మధ్యాహ్నం మూడున్నరకు ఆయన వెళ్ళింది ఆసుపత్రి వెనుక గదికి. అక్కడ కండక్టరమ్మ ఉంటుంది. ముప్పై ఏళ్ళు బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. డయాలిసిస్‌కు వచ్చే రోగులను ఇంటి నుంచి ఉచితంగా కార్లలో రప్పించే పని తలకెత్తుకుంది. కార్లున్న పుణ్యాత్ములు వంతులవారీగా నడుపుతారు. ఏ రోగి, ఏ వీధి, ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది సైటులో రాసి సేవ్ నొక్కితే సాయంత్రం ఐదింటికి డ్రైవర్ల ఫోన్లకు చేరుతుంది.

ఆమె ఫ్యాను ఆయన వైపు తిప్పి, మంచినీళ్ళు చేతికిచ్చి, అప్పుడు మొదలుపెట్టింది.

"మీ సైటు అబద్ధాలాడుతోంది మాస్టారూ."

"నా సైటా? బాగున్నప్పుడు మీ సైటు, చెడితే నా సైటా అక్కయ్యా?"

"నవ్వకండి. దర్జీ తాతయ్యని పోయిన వారం రాశాను. సేవ్ అయిందని పచ్చగా చూపించింది. ఆయన ఆరింటికే సంచి పట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు. తొమ్మిదైనా బండి రాలేదు. ఒక్క మాటనలేదు. 'మరిచిపోయుంటారులేమ్మా' అన్నాడు. తిట్టినా బాగుండేది. రేపు మళ్ళీ ఆయన రోజు."

"ఫోన్ చేసి చెబితే?"

"రేపటికి చెబుతాను. ఎల్లుండి వేరే డ్రైవరు, వేరే రోగి. అందరినీ నా తలలో పెట్టుకోమంటారా? ఆ తల అరవై మూడేళ్ళది."

మాస్టారు కళ్ళు మూసుకుని అర నిమిషం దేవుణ్ణి తలచుకుని, కుర్చీ ముందుకు జరుపుకున్నారు. పై వరుసలో ఒక నంబరు మార్చి సేవ్ నొక్కారు. నిలిచింది. కింద తాతయ్య వరుసలో రోజు, గంట రాసి నొక్కారు. పచ్చగా 'సేవ్ అయింది' అని వచ్చింది. పేజీ మళ్ళీ తెరిస్తే పేరు, వీధి ఉన్నాయి, రోజూ గంటా మాయం. ఆయన కింద ఇంకో పేరు చేర్చి చూస్తే అది ఆనవాలు లేకుండా పోయింది.

"సగం మనిషిని మింగి, తర్వాతివాణ్ణి మొత్తంగా మింగుతోంది" అని గొణిగారు. "తాతయ్యది ఎన్నో వరుస?"

"నూరోది."

వరుసకు పది గడులు. నూరు వరుసలంటే వెయ్యి. మాస్టారు తొడ మీద చరుచుకున్నారు.

"దొరికింది! ఒక్కసారికి వెయ్యి గడులే తీసుకోమని సర్వరులో కట్టడి పెట్టారు. కనబడకుండా సైటు పంపేవి రెండు మూడు ఉంటాయి, అవీ లెక్కే. అందుకే తాతయ్య చివరి గడులకు చోటు చాల్లేదు. మిగిలింది వదిలేసి, అంతా బాగుందని చెబుతోంది."

"ఇదెక్కడి కండక్టరండీ! చోటు లేకపోతే లేదని చెప్పాలిగా. జనాన్ని రోడ్డు మీదే వదిలేసి రైట్ రైట్ అంటుందా?"

అందరూ ఒకే పేజీలో కనబడాలని పట్టుబట్టింది ఆమే, సరేనని కట్టింది ఆయనే. ఆ మాట ఇద్దరూ ఎత్తలేదు.

మాస్టారు జాబితా పైకి జరిపారు. ముప్పై ఏడు పేర్ల పక్కన 'ఇక రారు' అని ఉంది.

"వీళ్ళను తీసేస్తే ఈ క్షణంలో సేవ్ అవుతుందమ్మా."

ఆమె తెర మీద ఒక్కో పేరు మీద వేలు పెట్టింది. "ఈవిడ డ్రైవరు పాపకు మేజోళ్ళు అల్లింది. ఈ అబ్బాయికి కిడ్నీ దొరికింది, హాయిగా ఉన్నాడు. ఈయన దిగేటప్పుడు తలుపు మెల్లగా వేసేవాడు, కారుకు నొప్పి పుడుతుందన్నట్టు. మిగతావాళ్ళు దేవుడి దగ్గరికి... ఏ చేత్తో తీయమంటారు?"

గడియారం నాలుగు ఇరవై చూపిస్తోంది. మాస్టారు మౌస్ వదిలి, సర్వరు అద్దెకిచ్చే కంపెనీకి ఫోన్ కలిపారు.

"ఫిర్యాదు టికెట్ పెట్టండి సార్, ఇరవై నాలుగు గంటల్లో చూస్తాం" అంది ఒక అమ్మాయి.

"పెడతాను తల్లీ. కానీ ఆ లోపల ఒక పెద్దాయన సంచి పట్టుకుని మళ్ళీ గుమ్మంలో కూర్చుంటారు" అని మాస్టారు సంగతంతా చెప్పారు.

"లైన్లోనే ఉండండి సార్. మా పై ఆఫీసర్ని అడిగొస్తా."

పదిహేను నిమిషాలు. కండక్టరమ్మ టీ తెచ్చింది. ఆయన తాగడం మరిచిపోయారు, అది వింతే.

"వెయ్యిని ఐదు వేలు చేశాం సార్. సర్వరు ఆపి మళ్ళీ మొదలుపెట్టాం. ఇప్పుడు చూడండి."

కండక్టరమ్మ తానే కూర్చుని రోజు, గంట కొట్టింది. సేవ్ నొక్కింది. పచ్చరంగును ఇద్దరూ నమ్మలేదు. పేజీ మూసి మళ్ళీ తెరిచారు. నూరో వరుసలో పది గడులూ నిండుగా ఉన్నాయి. నాలుగు యాభై రెండు.

"ఉన్నాయా సార్?" అని ఫోన్లో అమ్మాయి ఆత్రంగా అడిగింది. ఆమె ఇంకా పెట్టేయలేదు.

"ఉన్నాయి తల్లీ. నువ్వు చల్లగా ఉండాలి."

మర్నాడు ఉదయం ఆరుంబావుకు కండక్టరమ్మ ఫోన్. నవ్వాపుకోలేకపోతోంది.

"తాతయ్య నన్ను దులిపేశాడు మాస్టారూ! ఆరన్నారు, పావుగంట ముందే బండి పంపించారేం, గడ్డం సగమే గీసుకున్నానని."

"మరి డ్రైవరు?"

"అద్దం పట్టుకుని నిలబడ్డాడట. రెండో చెంప అయ్యాకే బయల్దేరారు."