పేరులేని చుక్క

జగ్గయ్యపేట కాలేజీలో జువాలజీ చెప్పే సీతారామాంజనేయులు పద్దెనిమిదేళ్లుగా పుస్తకం చూడకుండానే బోర్డు మీద కణం బొమ్మ వేస్తున్నాడు. తనతో ఎమ్మెస్సీ చదివిన జ్ఞానప్రసూనాంబ, కణంలో కొత్తగా కనిపించిన ప్రోటీన్ల గుత్తి మీద రాసిన వ్యాసాన్ని హైదరాబాదు నుంచి పంపితే, దాన్నీ పరీక్ష పేపరులాగే ఎర్ర పెన్నుతో దిద్దాడు. ‘దీని పని ఇంకా తెలియదు’ అన్న చివరి వాక్యం కింద రెండు గీతలు గీసి స్టాఫ్‌రూములో అందరికీ చూపించాడు. “ఏడేళ్లు ల్యాబులో కూర్చుని తెలియదని రాసిందండీ. ఈ మాత్రం నేనూ రాసేవాణ్ణి.”

ఆ మధ్యాహ్నం క్లాసులో బొమ్మ వేస్తూ, తనకు తెలియకుండానే ఆ గుత్తికి గుర్తుగా ఓ చుక్క పెట్టాడు. “ఆ చుక్కేంటి సార్?” అంది ముందు బెంచీ అమ్మాయి. “సిలబస్‌లో లేదమ్మా,” అని అరచేత్తో తుడిచేశాడు. మర్నాడు దిద్దడానికి వచ్చిన నలభై రికార్డుల్లోనూ ఆ చుక్క ఉంది. ఎర్ర పెన్ను మూత తీశాడు గానీ, ఒక్కదాన్నీ కొట్టెయ్యలేకపోయాడు.