పైకి చూడని స్టాపర్

కాకినాడలో ఎవరైనా ఫుట్‌బాల్ ఆడి బతుకుతున్నానంటే జనం నవ్వుతారు. విజయ్ పాల్ మాత్రం తొమ్మిదేళ్లుగా అలాగే బతుకుతున్నాడు. బెంగళూరులో ఒక క్లబ్బుకి స్టాపర్. అంటే గోలు ముందు గోడలా నిలబడి, వచ్చిన బంతిని వచ్చినట్టు తిప్పికొట్టేవాడు. సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా టీకొట్టు అబ్బులు ఒకటే అడుగుతాడు.

"ఈ ఏడు ఎన్ని గోల్స్ కొట్టావు, పాలూ?"

"నేను కొట్టనండి. అవతలోళ్లని కొట్టనివ్వను."

"ఓరి నీ ఇల్లు బంగారంగానూ! అడ్డంగా నిలబడ్డానికి కూడా జీతమిస్తారా?"

ఇస్తారు. పాల్‌కి వచ్చిన విద్య అదొక్కటే. హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోసే తండ్రి ఏసుపాదం, కొడుకు టెన్త్ తప్పినప్పుడు తిట్టలేదు, కొట్టలేదు. తీసుకెళ్లి గ్రౌండులో దింపేశాడు. పాల్ ఆరడుగుల మనిషి. ఎగిరితే ఇంకో రెండడుగులు. ఎంత ఎత్తునుంచి బంతి దిగుతున్నా నుదురు అడ్డం పెట్టేసేవాడు. జిల్లా జట్టులో ఆడాడు, రాష్ట్రానికి ఆడాడు, ఆపైన బెంగళూరు పిలిచింది. అక్కడ రెండేళ్లు బెంచీ అరగదీశాడు. పెద్ద స్టాపర్ కాలు విరగ్గొట్టుకున్న రోజున లోపలికి పంపారు. ఆ తర్వాత బయటికి పిలవలేదు. భయం అన్న మాట అతని దగ్గర ఎవరూ ఎత్తేవారు కారు.

ఇప్పుడు లోపల అదొక్కటే ఉంది.

ఫిబ్రవరిలో ఒక కార్నర్ కిక్‌కి ఎగిరినప్పుడు అవతలివాడి మోచెయ్యి వచ్చి ఎడమ కంటి కింద గుద్దింది. వాపు తగ్గాక క్లబ్ డాక్టరు వేలు అటూ ఇటూ తిప్పి చూడమన్నాడు. చూశాడు. ఎదురుగా ఉన్నది ఒకటిగానే ఉంది, కిందున్నదీ అంతే. వేలు పైకి లేచేసరికి రెండు వేళ్లయ్యాయి. "బాగానే ఉంది సర్" అన్నాడు. లేదంటే కూర్చోబెడతారు. ఒకసారి కూర్చున్నవాడి చోట్లో ఇంకొకడు నిలబడిపోతాడని పాల్‌కి తెలియనిదా? తానూ అలా నిలబడ్డవాడే.

సీజన్ చివరి మ్యాచ్‌లో బంతి ఆకాశంలోకి లేచింది. రెండు బంతులు దిగుతున్నాయి. కింది దానికి ఎగిరాడు. అక్కడ బంతి లేదు. అతని నుదురు పోయి తమ గోల్‌కీపర్ మూతికి తగిలింది. గడ్డిలో ఆ కుర్రాడి పళ్లు వెతికారు. ఆటలో మామూలేనన్నారు అందరూ. గోల్‌కీపర్ కూడా రక్తపు నోటితోనే "పర్లేదన్నా" అన్నట్టు చెయ్యూపాడు. అప్పటినుంచి పాల్‌కి కళ్లు మూస్తే ఆ చెయ్యే కనిపిస్తోంది.

జూలైలో క్యాంపు. ఇంకో ఏడాదికి పిలిచారు. అంటే మళ్లీ బంతి పైకి లేస్తుంది.

సెలవులకి వచ్చినా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు ఆశాజ్యోతి ఒకరోజు డాబా మీదనుంచి బండి తాళాలు విసిరింది. పాల్ చెయ్యి ఎటో పోయింది, తాళాలు డ్రైనేజీలో పడ్డాయి.

"బంతులాపేవాడివి, తాళాలు పట్టలేవా అన్నయ్యా?" అని పకపకా నవ్వింది. అతని మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. గబగబా దిగొచ్చింది. "ఏంటి? ఏమైంది నీకు?"

చెప్పక తప్పలేదు. "అమ్మకి చెప్పకే" అని చేతులు పట్టుకున్నాడు.

"ఎల్లుండి కృతజ్ఞత కూడిక పెట్టిందిరా అమ్మ! నీ కన్ను బాగైందని. నువ్వు లేచి సాక్ష్యం చెప్పాలి. ఏం చెప్తావు?"

దెబ్బ తగిలిందని విన్నరోజే ప్రసన్నకుమారి దేవుడికి మాటిచ్చేసింది: నా కొడుకు కన్ను నిలబెడితే పదిమందిని పిలిచి నీ పేరు చెప్పిస్తాను, భోజనాలు పెడతాను అని. వాకిట్లో షామియానా వేయించింది. చర్చి పాస్టరు అబ్రహాము అయ్యగారు వచ్చారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు పాల్ ఒక్కడే తెరిచి పైకి చూశాడు, ఈపాటికి తగ్గిందేమోనన్న ఆశతో. షామియానా కర్ర ఒకటి రెండుగా చీలింది.

"రా నాయనా, దేవుడు చేసిన మేలు చెప్పు" అని అయ్యగారు మైకు చేతికిచ్చారు.

"వందనాలండి అందరికీ. నాకు కంటి మీద పెద్ద దెబ్బ తగిలిందండి."

"స్తోత్రం!" అన్నారు జనం.

"కన్ను పోలేదండి."

"స్తోత్రం!"

ముందు వరసలో తల్లి చేతులెత్తి ఏడుస్తోంది. ఇక్కడాపేస్తే చాలు. ఇంతవరకూ అబద్ధం లేదు. గోల్‌కీపర్ చెయ్యి గుర్తొచ్చింది.

"కానీ బాగవలేదండి" అన్నాడు.

"స్తోత్రం!" అన్నారు అలవాటు మీద.

"పైకి చూస్తే రెండు కనిపిస్తున్నాయి. చెప్పకుండా ఆడాను. మా జట్టువాడి పళ్లు రాలగొట్టాను." మైకు అయ్యగారి ఒళ్లో పెట్టేసి కూర్చున్నాడు. అయ్యగారు కాసేపు తడబడి ప్రార్థన ఎత్తుకున్నారు. ప్రసన్నకుమారి కొడుకు వంక చూడకుండానే అందరికీ బిర్యానీ వడ్డించింది. చివరి మనిషి చెయ్యి కడుక్కున్నాక వచ్చి ఎదురుగా నిలబడింది.

"మీ కోచ్ గారికి ఫోన్ చెయ్యి. నా ముందే చెయ్యి."

"చేస్తే క్యాంపుకి రానివ్వరమ్మా. ఆపరేషన్ అంటారు. అది కుదరకపోతే ఇంట్లో కూర్చోవడమే."

"కూర్చో. పళ్లూడినవాడి తల్లి కూడా ఎక్కడో కూర్చునే ఉంటుంది."

ఏసుపాదం కుర్చీ లాక్కొచ్చి కొడుకు పక్కన వేసుకున్నాడు.

నంబరు రెండోసారికి గానీ కలవలేదు. కోచ్ హుషారుగా ఎత్తాడు, ఎప్పుడొస్తున్నావని అడిగాడు. పాల్ తనకొచ్చిన హిందీలో కంటి సంగతి మొత్తం చెప్పాడు.

"మన గోల్‌కీపర్‌కి తగిలిన రోజు కూడా అలాగే కనిపించిందా?" అని అడిగాడు కోచ్.

తండ్రి చెయ్యి వచ్చి పాల్ భుజం మీద పడింది.

"అవును సర్" అన్నాడు.