చుట్టాలు లేని దారి

ఎనభై నాలుగో సంవత్సరం, ఉగాదికి ముందొచ్చిన శుక్రవారం, పొద్దున ఏడున్నర. బొల్లాపల్లి దగ్గర మా తమ్ముడి మిరపచేలో ఉన్న కొట్టం గుమ్మంలో మా ఆయన తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని నిలబడ్డాడు. నడకకి బయలుదేరాలి. అడుగు బయటపెట్టేలోపే డొంకదారిలో ఎద్దులబండి గంటలు వినిపించాయి.

నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి, తిప్పి తిప్పి రాయడం రాదు. ఈ నడక సంగతి ముందు చెబుతాను. ఆయనకి షుగరు. కుడికాలి బొటనవేలు మొద్దుబారి, ముల్లు దిగినా తెలియని స్థితికి వచ్చింది. నరసరావుపేట డాక్టరు సూటిగానే చెప్పాడు. తీపి మానాలి, రెండు పూటలా నడవాలి, ఉత్తకాళ్లతో తిరగకూడదు, లేకపోతే వేలు తీసెయ్యాలి, అక్కడితో ఆగుతుందని కూడా చెప్పలేను అన్నాడు.

మా ఊళ్లో పని మీద నడిచేవాళ్లే గాని నడవడం కోసం నడిచేవాళ్లు లేరు. చేతిలో పార లేదు, కాళ్లకి బడిపిల్లల బూట్లు. మొదటిరోజే టీకొట్టు దగ్గర ఆపారు.

"ఏంది మామా, గేదె తప్పిపోయిందా?"

"లేదురా. ఊరికే నడుస్తన్నా."

"ఊరికే నడిచేదేంది? అత్త గెంటేసిందా?"

మర్నాటికి బూట్లు అటకెక్కాయి. అప్పుడు నేనే ఈ ఉపాయం చెప్పాను. మిరపకోతలు అయిపోయాయి, తమ్ముడి కొట్టం ఖాళీగా ఉంది. కొన్నాళ్లు అక్కడ ఉండి, పొద్దున ఒక దిక్కుకి, సాయంత్రం ఇంకో దిక్కుకి నడిచి, చీకటి పడేలోపు కొట్టానికి చేరుకుందాం అన్నాను. నాకూ ఆశ ఉంది, దాచడం ఎందుకు. గడ్డిమోపో, నీళ్లబిందో, కాయల గంపో నెత్తిన లేకుండా నేను నడిచింది లేదు. ఒట్టి నెత్తితో నడిస్తే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది.

గురువారం సాయంత్రం బస్సు దిగి కొట్టానికి చేరాం. నాపరాళ్ల గోడలు, పైన బోదగడ్డి కప్పు, లోపల ఇంకా పోని మిరప ఘాటు. దారులు చెప్పడానికి తమ్ముడు నేలమీద ఎండుమిరపకాయలు పేర్చాడు. నడుమ ఉన్న పెద్దకాయ కొట్టం. చుట్టూ ఉన్నవి ఊళ్లు.

"తూర్పుకి పోతే మేనత్త ఊరు," అన్నాడు.

"వాకిలి ముందు నించి పోయి లోపలికి రాలేదంటే అత్త బతకనిస్తదా? తీసెయ్," అన్నాను.

మా వైపు చుట్టాల ఊరు మీదుగా పోతూ గడప తొక్కకపోవడం తిట్టినదానికన్నా ఎక్కువ. తొక్కితే పంచదార పోసిన కాఫీ, ఆ తర్వాత అరిసెలు, ఆ తర్వాత అన్నం. వద్దంటే మనసులో ఏదో పెట్టుకున్నారంటారు.

"పడమటేమో మీ వియ్యపురాలు."

"తియ్యరా," అన్నాడు మా ఆయన. "ఆమె పాయసం పెట్టకుండా మంచినీళ్లు కూడా ఇయ్యదు."

దక్షిణాన మా చిన్నాన్న కొడుకు. ఆ కాయా పోయింది. చివరికి ఉత్తరాన ఒక్క దారి మిగిలింది. రాళ్లగుట్ట, తుమ్మచెట్లు.

"బావా, అటు తాగడానికి చుక్క నీళ్లుండవు."

"చుట్టాలు లేరు గదా. చాల్లే."

మేం దారుల గురించే ఆలోచించాం గాని బస్సు గురించి ఆలోచించలేదు. తెల్లబూట్ల ముసలాయన, మూటతో ఆయన పెళ్లాం దిగి చేలోకి పోవడం బస్సులో అందరూ చూశారు. పొద్దుగూకేసరికి మూడు ఊళ్లకీ పాకింది. ఇన్ని ఇళ్లుండగా చేలో పడి ఉన్నారంటే మా కొడుకు వెళ్లగొట్టి ఉంటాడని వాళ్లకి వాళ్లే తేల్చుకున్నారు.

శుక్రవారం పొద్దున ఆ ఎద్దులబండి దిగింది మేనత్త. చంకలో అరిసెల డబ్బా.

"ఏమే, నా ఇల్లేం పాపం చేసిందే? ఈ చేలో పడుంటారా?"

"నడవడానికొచ్చాం అత్తా."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదు. కొంతదూరం పోయి మళ్లీ వెనక్కి రావడమే."

అత్త మా ఆయన బూట్లవైపు కాసేపు చూసింది. "చానా కష్టమొచ్చిందే మీకు," అని కొంగుతో కళ్లొత్తుకుంది.

ఎండెక్కేసరికి వియ్యపురాలు పాయసం గిన్నెతో వచ్చింది. ఆ వెనకే చిన్నాన్న కొడుకు, వాడి భార్య, ఒక కోడి. నేను పొయ్యి రాజేశాను. మా ఆయన బూట్లు విప్పకుండానే మంచం మీద కూర్చున్నాడు. వియ్యపురాలు ఆయన చేతిలో పాయసం గ్లాసు పెట్టింది.

"మీ అన్నయ్యగారికి ఉపవాసం వదినగారూ," అన్నాను.

"మగాళ్లకి శుక్రవారం ఉపవాసమేంది వదినగారూ? నా చేతిది తాగరనా?"

ఆమె గిన్నె మూత వెతుక్కునేలోపు గ్లాసు తమ్ముడి చేతికి మారింది. ఆ రోజు తమ్ముడు తాగిన పాయసానికి లెక్కలేదు.

ఎండ కాస్త చల్లబడ్డాక వియ్యపురాలు లేచింది. వియ్యపురాలిని గుమ్మంలోంచే పంపకూడదు, పొలిమేర దాటించి రావాలి. "నేనొస్తా చెల్లెమ్మా," అని మా ఆయన లేచాడు. చొక్కా తడిసిపోయి తిరిగొచ్చేసరికి చిన్నాన్న కొడుకు చెప్పులు వేసుకుంటున్నాడు.

"నాకెందుకు బావా మర్యాదలు, కూర్చో."

"నోరుమూసుకుని నడువురా," అని వాళ్లవెంట దక్షిణానికి పోయాడు.

చివర అత్త బండి. బండి పక్కనే ఈయన నడక. "ఎక్కు అల్లుడూ, నవ్విపోతారు," అని అత్త అరవడం పొయ్యి దగ్గర నాకు వినిపించింది. ఎక్కలేదు. ఎవరూ నవ్వలేదు. చుట్టాన్ని సాగనంపేవాణ్ణి ఎందుకు నడుస్తున్నావని ఎవరడుగుతారు? రాత్రి మేం తీసేసిన దారులన్నీ ఆయన నడిచాడు. ఉంచుకున్న దారి ఒక్కటే అట్లా ఉండిపోయింది.

దీపాలవేళకి వచ్చి మంచం మీద వాలాడు. బూట్లు నేనే విప్పాను.

"వేలు మండతంది," అన్నాడు.

"మండనీ. ఉందని తెలుస్తంది గదా."

"రేపు నువ్వూ రావే."

"అంట్లెవరు తోమేది?"

మర్నాడు వేరే చుట్టాలొచ్చారు, ఆ మర్నాడు ఇంకొకరు. అందరినీ ఆయనే సాగనంపాడు. ఊరికి తిరిగొచ్చాక డాక్టరు వేలు నొక్కి చూసి, ఇప్పటికి ఉంచుదాం అన్నాడు. నేను మాత్రం ఉత్తరం దారి ఈనాటికీ చూడలేదు.

ఆ శుక్రవారం అక్కడ ఉన్నది మా మేనత్త, ఆమె బండి తోలిన పాలేరు, మా వియ్యపురాలు, చిన్నాన్న కొడుకు, వాడి భార్య, మా తమ్ముడు, మా ఆయన, పొయ్యి దగ్గర నేను.