పండుగనాటి వాయిదా

మొన్న మా చెల్లెలి కూతురు, కొత్తగా నల్లకోటు వేసుకున్న వకీలు, జగదల్‌పూర్ కుటుంబ న్యాయస్థానం నుంచి ఫోను చేసి, "ఎదుటివాళ్లు రాలేదు పెద్దమ్మా, ఇక కేసు మనదే!" అని సంబరపడింది. ఎందుకు రాలేదో కనుక్కున్నావా అని అడిగాను. "నీతో పెట్టుకుంటే తెల్లారుతుంది" అని పెట్టేసింది. అందరూ అనే మాటే, కొత్తేమీ కాదు.

డిగ్రీ అయి ఖాళీగా ఉన్న రోజుల్లో అక్కడే నేను దుబాసీగా పనిచేశాను. ఉసూర్ వైపు అడవి ఊళ్ల నుంచి వచ్చే మన తెలుగువాళ్లూ దోర్ల గిరిజనులూ చెప్పేది జడ్జి గారికి హిందీలో చెప్పాలి, ఆయన అన్నది వీళ్లకు చెప్పాలి, మధ్యలో సొంత మాట ఒక్కటీ కలపకూడదు. నా నోటికి అంతకన్నా శిక్ష ఏముంటుంది చెప్పండి! అయినా ఆ గది నాకిష్టంగానే ఉండేది. బోను లేదు, కేకలు లేవు. విడిపోదామని వచ్చిన మొగుడూ పెళ్లాలు ఒకే బల్ల ముందు కూర్చునేవాళ్లు, పిల్లలను మాత్రం జడ్జి గారు పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగేవారు.

ఒక నాలుగేళ్ల పాప ఆ వైపు ఒక ఊళ్లో తల్లి దగ్గర ఉండేది. జగదల్‌పూర్‌లో తాపీపని చేసుకుంటున్న తండ్రి, పాపను తనకిప్పించమని కేసు వేశాడు. ఒక వాయిదాకు బస్సు అందక తల్లి రాలేదు. ఈసారీ రాకపోతే ఆమె మాట వినకుండానే తేల్చేస్తానన్నారు జడ్జి గారు. ఈసారీ రాలేదు.

అప్పుడు విత్తనాల పండుగ నడుస్తోంది. తొలకరికి ముందు విత్తనాలను దేవర ముందు పెట్టి మొక్కే ఆ నాలుగు రోజులూ ఆ వైపు ఊళ్లలో ఎవరూ పొలిమేర దాటరు, దాటితే ఊరి పంటకే కీడంటారు. ఏ రోజన్నది పూజారి చెప్పేదాకా తెలియదు, ఇక వాయిదా వేసే గుమాస్తాకేం తెలుస్తుంది? అటు నుంచి వచ్చే బస్సు ఖాళీగా వచ్చిందని పొద్దున్నే విన్న నాకు సంగతి అర్థమై, జడ్జి గారు కలం తీసేసరికి ఉండబట్టలేక చెప్పేశాను.

"నువ్వు దుబాసీవా, వకీలువా?" అన్నారాయన.

"దుబాసీనే సాబ్, రాలేకపోయిన మనిషి మాట చెబుతున్నా" అన్నాను. ఆయన నవ్వాపుకొని, నిజమేనా అని తండ్రిని అడగమన్నారు. అతనిదీ ఆ ఊరే. కాదంటే చాలు, పాప అతనిదే. అతనన్నాడు: "నిజమే సాబ్. పండుగ కాకముందు పొలిమేర దాటితే మా అమ్మనే నన్ను గూడ ఇంట్లకు రానియ్యది."

మరో వాయిదా పడింది. తల్లి వచ్చింది, ఆమె మాట కూడా విన్నాక పాప ఆమె దగ్గరే ఉండాలనీ, తండ్రి నెలకు రెండుసార్లు వెళ్లి చూసుకోవచ్చనీ జడ్జి గారు తేల్చారు. బయట అతన్ని నేనే పట్టుకుని, చేతికొచ్చిన కేసు ఎందుకు పోగొట్టుకున్నావయ్యా అని దెబ్బలాడాను.

"గదేంది మేడం? పాప కోసం కొట్లాడుతున్న గని, పండుగ లేదని ఎట్ల చెప్త?" అని నన్నే వింతగా చూశాడు.

ఇప్పుడు ఆ ఊళ్లలో పనులకు పోయే పిల్లలు పండుగ మధ్యలోనూ పొలిమేర దాటుతున్నారట, ఎవరూ ఏమీ అనడం లేదట. మంచిదే, దానికి నేనేమీ ఏడవను. ఏళ్ల తరబడి ఎందరితోనో వాదించాను, చాలావరకు గెలిచాను కూడా. అతనిలా ఎదుటివాళ్లకు పనికొచ్చే నిజం నేను ఎప్పుడైనా చెప్పానా అని వెతుక్కుంటే మాత్రం, ఇంకా వెతుకుతూనే ఉన్నాను.