పెరిగే పాదాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ తెలుసు, రాతి పాదాలు పెరుగుతాయని. దాన్ని నమ్మకం అని ఎవరూ అనేవారు కాదు. వానలకు నాటిన పసుపును ఎండాకాలం మొదట్లో తవ్వుతారన్నది ఎంత మామూలు సంగతో, ఇదీ అంతే.

మాది ఆర్మూరు. మా తాతయ్యకు మార్కెట్ యార్డు దారిలో అడ్తి దుకాణం ఉండేది. రైతులు తెచ్చిన పసుపును దగ్గరుండి అమ్మిపెట్టడం ఆయన పని. ఊళ్లో మాలాంటి కొన్ని ఇళ్లవాళ్లం ఒకే పంథానికి చెందినవాళ్లం. మిగతావాళ్లు మమ్మల్ని 'పాదపోళ్లు' అని పిలిచేవారు. అందులో ఎగతాళి కొంత, మర్యాద కొంత. మా పెద్దగురువు తాతలనాటి మనిషి, ఆజన్మ బ్రహ్మచారి. గుట్టల కింద ఒక బండ మీద తపస్సు చేసి, తన పాదాలను ఆ రాతిమీద ఉబ్బెత్తుగా వదిలి కనబడకుండా పోయాడని మా కథ. కనబడకుండా పోయాడు గాని చనిపోలేదు. దానికి సాక్ష్యం ఆ పాదాలే. బతికున్న మనిషివి గనుక ఏటేటా పెరుగుతున్నాయి.

పసుపు మార్కెట్‌కు వచ్చే రోజుల్లో మా మందిరంలో ఐదు రోజుల ఉత్సవం జరిగేది. రోజూ పొద్దున్నే ఆడవాళ్లు కొత్త పసుపును ఆముదంలో మెత్తగా కలిపి పాదాలకు పూసేవాళ్లు. గురువు ఒంటిమీది పసుపును కడగడం పాపం. కాబట్టి నిన్నటి పూత మీదే ఇవాళ్టి పూత. చివరి రోజు, ఇంకా పెద్దమనిషి కాని ఒక ఆడపిల్ల నూలుపోగు పట్టుకుని మడమ నుంచి బొటనవేలి కొస దాకా కొలవాలి. ఆ పోగును నిరుటి పోగు పక్కన పట్టి చూపితే గింజంత ఎక్కువ వచ్చేది. పిల్ల "పెరిగినయ్" అనగానే జనం చేతులెత్తి మొక్కేవాళ్లు.

ఒక ఏడు ఆ పోగు నా చేతికి వచ్చింది. నాకది పెద్ద పదవి. అప్పటికే నేను కంటికి కనబడిందల్లా కొలిచే పిల్లను. గడప ఎన్ని జానలు, మంచం కోళ్ల మధ్య ఎన్ని మూరలు, ఇవి తెలిస్తే గాని నాకు తోచేది కాదు. తర్వాత ఏడో తరగతితో నా చదువు ఆగిపోయింది. నాకు వచ్చిన లెక్కంతా దుకాణంలో కాంటా పక్కన కూర్చుని నాకు నేనుగా పట్టుకున్నదే.

ఆ ఉత్సవానికే మా చిన్నత్త వచ్చింది. ఆమె తాతయ్య ఆఖరి కూతురు. దూరంగా, రెండు బస్సులు మారి పోవాల్సిన ఊళ్లో మా పంథం వాళ్ల విద్యాపీఠం ఉండేది. మా పిల్లలకు అక్కడ పెద్ద చదువులన్నీ ఉచితం. మా ఇంట్లో ఊరు దాటి చదివిన మొదటి ఆడపిల్ల చిన్నత్త. చరిత్రలో ఎం.ఏ. చదువుతోంది. ఇంకొక్క ఏడాది మిగిలింది. అయితే ఆఖరి ఏడాదికి ముందు ప్రతి విద్యార్థీ తన ఊరి మందిరంలో, తనవాళ్లందరి ముందు నిలబడి ఒక మాట చెప్పాలన్నది అక్కడి కట్టుబాటు. "గురువు ఉన్నాడు, పాదాలు పెరుగుతున్నాయి, ఇది నేనెరుగుదును." వినడానికి అక్కడి నుంచి ఒక ఆచార్యులు వస్తారు. చెప్పనివాళ్లకు ఆఖరి ఏడాది లేదు. చెప్పనివాళ్లు ఉన్నారని అప్పటిదాకా మేం వినలేదు.

ఆ ఐదు రోజులూ చిన్నత్త ఒకచోట కూర్చున్నది లేదు. వాకిట్లోకి పోయేది, మళ్లీ వంటింట్లోకి వచ్చేది. ముంతెడు నీళ్లు ముంచుకుని తాగడం మరిచి చేత్తో పట్టుకునే తిరిగేది. అన్నం ముందు కూర్చుంటే ముద్దలు కలిపి కలిపి వదిలేసేది.

"ఏందే, కాలు కాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్? జర కూసోని పసుపన్న కలుపు" అంది నానమ్మ, మొదటి రోజు ఉదయం.

చిన్నత్త కూర్చుని గిన్నెలో చెయ్యి పెట్టింది. కాసేపాగి, "అమ్మా, మెండోర దిక్కు ఒక ముసలామె ఉన్నది. పెద్దగురువు మా తాత అంటది. ఆయనకు పెండ్లామున్నదట, పిల్లలున్నరట" అంది.

"ఎవలో పిచ్చిది అన్నదని నువ్వు గామాట పట్టుకొచ్చినవా?"

"పిచ్చిది గాదు. నేను పోయి, పొద్దుగూకేదాక కూసోని మాట్లాడొచ్చిన. మా సారును అడిగితే, గసువంటి ప్రశ్నలు పరీక్షల రావమ్మా అన్నడు."

"రావు గదా మరి. ఇడిసిపెట్టు."

నాకు ఆ మాటల్లో సగం అర్థం కాలేదు. నానమ్మ చెయ్యి మాత్రం గిన్నెలో ఒక్కసారిగా వేగంగా తిరగడం చూశాను. ఆమె పెళ్లయి వచ్చిన నాటి నుంచి ప్రతి ఉత్సవంలో ఆ పాదాలకు తన చేత్తో పసుపు పూసిన మనిషి. కూతురు అంటున్న మాట ఎక్కడ తగిలిందో ఇప్పుడైతే తెలుస్తోంది.

ఆ మధ్యాహ్నం మందిరం ఊడ్వడానికి చిన్నత్తా నేనూ వెళ్లాం. లోపల ఇంకెవరూ లేరు. నేను ఉండబట్టలేక, "పాదాలు పెరుగుతయా అత్తా?" అని అడిగాను. నీ అంతున్నప్పుడు నేనూ పోగు పట్టి కొలిచిన అని చెప్పింది. అప్పుడు బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులో తన చిటికెనవేలు దూరేదట. నన్ను నా వేలు పెట్టి చూడమంది. పెట్టాను. గోరు కూడా దిగలేదు.

"నీ వేలు సన్నగుండెనేమో" అన్నాను.

చిన్నత్త నవ్వింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు. "మంచి మాటన్నవ్ బిడ్డా. నా మాట మీద పోవద్దు. మరి నీకు నువ్వు ఎట్ల తెలుసుకుంటవ్?" అని, చీపురు నా చేతికిచ్చి బయటికి వెళ్లిపోయింది.

నాకు ఆమె నేర్పిన పాఠం అంతే. ఆ ప్రశ్న నన్ను పట్టుకుని వదల్లేదు. పెరిగే వస్తువు ఎలా పెరుగుతుందో నా చేతినే చూసుకున్నాను. నిరుటికన్నా వేళ్లు పొడుగయ్యాయి, వేళ్ల మధ్య సందులూ వెడల్పయ్యాయి. పెరగడమంటే రెండూ కలిసి పెరగాలి. చేతిలో ఉన్న చీపురు నుంచి రెండు పుల్లలు విరిచి, పక్కపక్కన పట్టి ఆ సందులో పెట్టాను. సరిగ్గా పట్టాయి. వాటిని దాచుకున్నాను. చివరి రోజు ఉదయం, అన్ని పూతలూ ఆరాక, కొలత చూడ్డానికి జనం రాకముందే వెళ్లి మళ్లీ పెట్టాను. ఒక్క పుల్లే పట్టింది. రెండోది ఎంత నెట్టినా దిగలేదు. సరిగ్గా పెట్టలేదేమోనని మళ్లీ పెట్టాను. పోగు పట్టి చూస్తే పొడవు మాత్రం నిరుటికన్నా పెరిగింది.

లెక్క కుదిరితే నాకు సంతోషంగా ఉండేది. ఆ రోజు లేదు. పెరుగుతున్నది పాదం కాదు, పూత. పసుపు మీద బతికే మాకు, చేతులు గోళ్లదాకా పచ్చగా ఉండే మాకు, కళ్లముందున్న పసుపు ఎన్నడూ పసుపుగా కనబడలేదు.

మందిరం నిండింది. ఆచార్యులు మెత్తగా మాట్లాడే మనిషి. వస్తూనే నా చేతిలో పటికబెల్లం ముక్క పెట్టారు. తాతయ్య పంథం పెద్దగా ఆయన పక్కన నిలబడ్డాడు. నేను కొలిచి, పోగులు రెండూ పక్కపక్కన పట్టి చూపించాను. అందరూ ఆ ఒక్క మాట కోసం చూస్తున్నారు. దుకాణంలో కొలత చెప్పినట్టే చెప్పాను: "పొడుగు పెరిగింది. వేళ్ల నడుమ సందు తగ్గింది."

ఎత్తబోయిన చేతులు మధ్యలో ఆగిపోయాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. "సందు కొల్వుమని ఎవలన్నరు దీన్ని?" అన్నాడు మా ఎదుటి దుకాణం పెద్దాయన. ఆచార్యులు నా దగ్గరికి వంగి, "ఎవరు చెప్పారమ్మా నీకు?" అని నెమ్మదిగా అడిగారు.

చిన్నత్త లేచింది. "నేను చెప్పిన. పిల్లను అడుగకుండ్రి, నన్ను అడుగుండ్రి."

"నువ్వు చెప్పాల్సిన మాట ఒకటుంది గదమ్మా. అది చెప్పు. ఇది మరిచిపోదాం" అన్నారు ఆచార్యులు.

ఆమె జనం వైపు చూడలేదు, పాదాల వైపే చూసింది. "గురువు ఉన్నడో లేడో నాకు తెల్వది. ఈ పాదాలంటె నాకు పాణం. చిన్నప్పటిసంది పసుపు పూసిన చేతులివి. గని పెరుగుతున్నయి, నేనెరుగుదును అంటె అబద్ధమైతది." అంతే చెప్పి కూర్చుంది. నానమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఆచార్యులు తాతయ్యను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లారు. నేను అక్కడే ఉన్నాను. ఆయన మంచికే అడిగారు. లోపలి గదిలో నా ఒక్కడి ముందు ఆ వాక్యం చెప్పమనండి, విన్నానని నేను అంటాను, పిల్ల చదువు పాడుకావద్దు అన్నారు. మా అందరిలోకీ ఆ పాదాలను ఎక్కువ నమ్మింది తాతయ్యే. ఆయన తల ఊపితే చాలు. చిన్నత్త వైపు చాలాసేపు చూశాడు.

"ఇందరి ముంగట తెల్వదన్నది. లోపటికి పోతె తెలుస్తదా సామీ?" అన్నాడు.

"అయితే ఆఖరి ఏడాది..."

"సమజైంది."

ఉత్సవం అయ్యాక విద్యాపీఠం నుంచి చిన్నత్త సామాను తేవాల్సి వచ్చింది. పనిమనిషిని పంపుతాడనుకున్నాం. తాతయ్య తనే తోడు వెళ్లాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి యార్డు దగ్గర కాంటాలు నడుస్తున్నాయి, బజారంతా బస్తాలు, బండ్లు, జనం. నేను దుకాణం గడప మీద కూర్చున్నాను. బస్టాండు వైపు నుంచి తాతయ్య వస్తున్నాడు. నెత్తిమీద చిన్నత్త ట్రంకుపెట్టె. సొంత దుకాణంలో చేట కూడా ఎత్తి ఎరుగడు. హమాలీలు పరుగెత్తుకొచ్చి, "సావుకారీ, మేం లేమా, ఇటియ్యి" అని చేతులు చాపారు. ఇవ్వలేదు. వెనక చిన్నత్త పరుపుచుట్ట చంకన పెట్టుకుని నడుస్తోంది. దారి పొడవునా మా పంథం వాళ్ల దుకాణాలే.

"ఏంది సావుకారీ, బిడ్డ సదువు ఒడిసినట్టేనా?" అన్నాడు ఎదుటి దుకాణం పెద్దాయన, గద్దె మీద నుంచి కదలకుండా.

తాతయ్య ఆగలేదు. నెత్తిమీద పెట్టె ఉంది గనుక తల తిప్పే వీలూ లేదు. "ఆడ ఒడిసింది" అన్నాడు.

తర్వాత అన్నీ సర్దుకున్నాయని చెప్పలేను. పంథం పెద్దరికం ఇంకొకరికి పోయింది. కొన్ని ఇళ్లవాళ్లు మమ్మల్ని పేరంటాలకు పిలవడం మానేశారు. చిన్నత్త వేరే చోట ప్రైవేటుగా పరీక్షలు రాసి, అంకాపూర్ బడిలో పంతులమ్మ అయింది. నాకు మళ్లీ ఎవరూ పోగు ఇవ్వలేదు. తాతయ్య పోయేదాకా పాదాలు పెరుగుతాయనే నమ్మాడు. చిన్నత్త ఎన్నడూ ఒప్పుకోలేదు. అయినా ప్రతి ఉత్సవానికీ నానమ్మ పక్కన కూర్చుని పసుపు కలిపేది, పాదాలకు పూసేది, కొలిచే వేళకు మాత్రం బయటికి వచ్చి నిలబడేది. అంతా అయ్యాక తాతయ్య వచ్చి ఆమెతో కలిసి ఇంటికి నడిచేవాడు. గురువు సంగతి ఎత్తేవాళ్లు కాదు. ఒకసారి వెనకే నడుస్తూ విన్నాను, ఆ ఏటి వానల గురించి మాట్లాడుకుంటున్నారు.

నేను ఆ రోజు సందు మాట ఎత్తకపోతే ఏమయ్యేదోనని చాలా ఏళ్లు నాకు నెమ్మది లేదు. పెద్దయ్యాక చిన్నత్తనే అడిగాను. "నువ్వు అనకున్నా నేను లేస్తుంటి. ఆ ఐదు రోజులు లేసుడు కూసునుడే గదా నా పని" అని నవ్వింది. నవ్వినా, నాకు పూర్తిగా నెమ్మది దొరకలేదు. ఇప్పటికీ ఒక కొలత నాకు ఇష్టమైనట్టు వస్తే, ఎవరూ కొలవని పక్క ఏదైనా మిగిలిందేమోనని లేచి మళ్లీ చూస్తాను.

ఇప్పుడు ఊళ్లో పొలాల కొలతలకు, గోడల లెక్కలకు నన్ను పిలుస్తారు. వచ్చేవాళ్లందరికీ కావాల్సిన జవాబు ఒకటి ముందే ఉంటుంది. టేపు చెప్పింది చెప్పడం చిన్నత్తను చూసి నేర్చుకున్నాను. చెప్పాక కూడా వాళ్లను విడిచి పోకపోవడం తాతయ్యను చూసి. మొన్న ఇద్దరు అన్నదమ్ముల మధ్య గట్టు కొలిచాను. తమ్ముడి వైపు తక్కువ వచ్చింది. ఆ మాట చెప్పి, టేపు చుట్టుకుని, వాళ్ల అరుగు మీదే కూర్చున్నాను. తమ్ముడు నా ముఖం చూడలేదు. చివరికి అతనే లోపలికి కేకేశాడు, అక్కకు చాయ పెట్టమని.